తొందరగా లేచింది

అధ్యక్ష స్థానంలో కూర్చుని, ఈవిడ ఎంతసేపు మాట్లాడుతుందో ఏమో అని ఇప్పటికే బెంగ పెట్టుకున్న మన డైరెక్టరు గారికి, వేదిక మీదున్న పెద్దలకు, ఇన్నేళ్లూ నా నోటి దురుసును ఓర్చుకున్న సహోద్యోగులకు, ఆ దురుసును రేపటి నుంచి రోజంతా ఓర్చుకోబోతున్న మా ఆయనకు, ఆయన పక్కనే కూర్చున్న మా అత్తగారికి, ఇంకా ఈ హాల్లో చల్లగా ఉంటుందని వచ్చి వెనక వరసల్లో సర్దుకున్న పక్క విభాగం మిత్రులకు, అందరికీ పేరుపేరునా నమస్కారాలు. (నవ్వులు)

ముందే ఒక సంగతి మనవి చేస్తాను. నా చేతిలో కాగితం లేదు. నేను చెప్పాలనుకున్నదంతా, చదివేకొద్దీ ఆ పెద్ద తెర మీద కనిపించేలా, ఈ బల్ల మీదున్న పెట్టెలో ఉంది. ఇందులో డిస్కు లేదు, బ్యాటరీ లేదు. ఉన్నదల్లా మనం పన్నెండేళ్లుగా కుస్తీ పడుతున్న ఆ కొత్త రకం మెమరీ, దాన్ని నడిపించే మన సాఫ్ట్‌వేరు. దీని ప్లగ్గు ఎక్కడుందయ్యా అంటే, అదిగో, ఎడమవైపు గోడ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారే మన ఎలక్ట్రీషియన్ మేస్త్రి గారు, ఆయన చేతికందే దూరంలో ఉంది. ఆయన నాకన్నా రెండేళ్లు ముందే రిటైరయ్యారు. ఇవాళ నా కోసం మళ్లీ డ్యూటీకి వచ్చారు. నా ప్రసంగం మధ్యలో ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు ప్లగ్గు లాగెయ్యమని చెప్పాను. ఎప్పుడు లాగుతారో నాకు చెప్పొద్దని కూడా చెప్పాను. సరేనని తలూపారు. ఆ తలూపడంలో ఉన్న హుషారు చూస్తేనే నాకు కాస్త గుబులుగా ఉంది. (నవ్వులు)

నా ముందు మాట్లాడిన వక్తలు నన్ను ఆకాశానికెత్తేశారు. ఒకాయనైతే ఓర్పుకు మారుపేరు అన్నారు. ఆ మాటకు మా ఆయన కుర్చీలో అటూ ఇటూ కదలడం నేను ఇక్కణ్ణుంచి చూశాను. ఇంకొకాయన నేను చేసిన పనుల జాబితా చదివారు. అందులో సగం నాకే కొత్త. అయినా పొగుడుతున్నప్పుడు అడ్డుపడే అలవాటు నాకు లేదు, కిమ్మనకుండా కూర్చున్నాను.

మా అత్తగారికి మాత్రం నేను ఏం ఉద్యోగం చేస్తానో ఇవాళ్టిదాకా తెలియదు. ‘కంప్యూటర్లో ఏదో’ అని చుట్టాలకు చెబుతుంటారు. అత్తయ్యా, ఇవాళ ఆఖరి రోజు, ఇప్పుడైనా చెప్పకపోతే బాగుండదు. కంప్యూటరులో ఇప్పటిదాకా రెండు రకాల మెమరీలు ఉండేవి. ఒకటి మహా చురుకు, కానీ కరెంటు పోయిందంటే అంతా మర్చిపోతుంది. రెండోది ఏదీ మర్చిపోదు, కానీ నత్తనడక. అందుకని పని చేసేదంతా మొదటిదాంట్లో చేసుకోవడం, దాచుకోవాల్సింది రెండోదాంట్లో దాచుకోవడం, దాన్నుంచి దీంట్లోకి దీన్నుంచి దాంట్లోకి మోసుకుంటూ తిరగడం, ఇదే యంత్రాల బతుకు. పన్నెండేళ్ల కిందట మా దగ్గరికి ఒక కొత్త రకం చిప్పు వచ్చింది. చురుకూ ఉంది, మర్చిపోవడమూ లేదు. ఆ సాయంత్రం ఇంటికెళ్లి ఈ సంగతి గొప్పగా చెబితే, మా ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి, ‘అలాంటిదాన్ని పెళ్లయినప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాను’ అన్నారు. (నవ్వులు)

చిప్పు చేసినవాళ్లు సంబరపడ్డారు, అమ్మేవాళ్లు సంబరపడ్డారు, సాఫ్ట్‌వేరు రాసే మేం మాత్రం తలలు పట్టుకుని కూర్చున్నాం. ఎందుకంటే యంత్రం మర్చిపోవడమే ఇన్నాళ్లూ మాకు పెద్ద దిక్కు. యంత్రం తిక్కతిక్కగా ప్రవర్తిస్తే ఒకసారి ఆపి మళ్లీ వేస్తాం, అది చేసిన తప్పంతా మర్చిపోయి బుద్ధిగా మొదటి నుంచి మొదలుపెడుతుంది. మా వృత్తిలో ఉన్న ఒకే ఒక్క మందు అది. ఈ కొత్త మెమరీతో ఆ మందు పనిచేయడం మానేసింది. ఇందులో తప్పు రాస్తే తప్పే గుర్తుంటుంది. ఆపి వేసినా అదే, పది రోజులు అటకెక్కించి దించినా అదే.

అసలు చిక్కంతా ఎక్కడుందంటే, దేని తర్వాత ఏది రాయాలన్న వరసలో ఉంది. అత్తయ్యా, మీరు కోప్పడనంటే ఉప్పు డబ్బా సంగతి చెబుతాను. (సభలోంచి అత్తగారు: ‘చెప్పు, చెప్పు. ఎలాగూ ఆగవుగా.’ నవ్వులు) అనుమతి దొరికింది. మేం కొత్త ఇంట్లోకి మారినప్పుడు మా అత్తగారు వంటింట్లో డబ్బాలు సర్దుతున్నారు. పాత ఉప్పు డబ్బాను పంచదార డబ్బా చేద్దామనుకున్నారు. ముందు దాని మీద ‘పంచదార’ అని చీటీ అంటించారు. ఇక ఉప్పు తీసి, కడిగి, పంచదార పోద్దామనుకునేలోపు తలుపు చప్పుడైంది. పక్కింటావిడ. ఇద్దరూ గుమ్మంలో నిలబడి ఒక గంట మాట్లాడుకున్నారు. ఈలోపు ఇంటికి అతిథి వచ్చారు, మా ఆయన మర్యాదగా కాఫీ కలిపారు, చీటీ చూసి ఆ డబ్బాలోంచి రెండు చెంచాలు వేశారు. ఆ అతిథి ఎవరో కాదు, అప్పటి డైరెక్టరు గారు. ఆయన ఎంత పెద్దమనిషంటే కప్పు మొత్తం తాగారు. (నవ్వులు) ఆ ఏడాది నాకు ప్రమోషన్ రాలేదు, దానికీ దీనికీ సంబంధం లేదనే ఇప్పటికీ అనుకుంటున్నాను.

ఖాళీ చేసి, కడిగి, పంచదార పోసి, ఆ తర్వాత చీటీ అంటించాలి. మా శాస్త్రమంతా ఇంతే. అలా చేస్తే మధ్యలో ఏ క్షణాన తలుపు చప్పుడైనా, అంటే ఏ క్షణాన కరెంటు పోయినా, చీటీ ఉన్న డబ్బాలో చీటీలో రాసిందే ఉంటుంది. చీటీ లేని డబ్బా జోలికి ఎవరూ పోరు. అయితే ప్రాసెసరు అనే మహానుభావుడు ఒకడున్నాడు. వాడు మనం చెప్పిన వరసలో పని చెయ్యడు, ఏది చేతికందితే అది ముందు కానిచ్చేస్తాడు. అందుకని ‘పోయడం పూర్తయిందాకా చీటీ ముట్టుకోకు, ఆగు’ అని వాడికి విడిగా ఒక ఆదేశం ఇవ్వాలి. ఆ ‘ఆగు’ అన్నదాన్ని ఎక్కడ పెట్టాలో నేర్పడమే పన్నెండేళ్లుగా నా ఉద్యోగం. ఈ హాల్లో కనీసం నలభైమందికి చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాను. పోయండి, ఆగండి, అంటించండి. మీలో కొందరికి కలలో కూడా నా గొంతే వినిపిస్తుందని విన్నాను, క్షమించండి.

ఇంక ప్లగ్గు గది గురించి చెప్పాలి. నడవా చివర, మెట్ల కింద, కిటికీ లేని గది. పూర్వం విరిగిన కుర్చీలు పడేసేవాళ్లు. దాంట్లో బల్ల మీద పన్నెండు యంత్రాలు వరసగా పెట్టాం. వాటి మీద మన ప్రోగ్రాం నడుస్తుండగా ప్లగ్గు లాగడం, మళ్లీ పెట్టడం, లేచాక రాసినవన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూడటం. మొదట్లో మేమే లాగేవాళ్లం. ఎంత లాగినా అన్నీ చక్కగా లేచేవి. మా భుజాలు మేమే తట్టుకున్నాం. తర్వాత తెలిసింది, మేం రాసిన ప్రోగ్రాం కాబట్టి, మాకు తెలియకుండానే అది కాస్త ఊపిరి పీల్చుకునే వేళ చూసి లాగుతున్నాం. కన్నబిడ్డ మీద చెయ్యెత్తినట్టు, చెయ్యి పైకి లేస్తుంది గానీ దెబ్బ పడదు.

అప్పుడే ట్యూబులైటు మార్చడానికి మేస్త్రి గారు వచ్చారు. ‘మేస్త్రి గారూ, కాస్త ఈ ప్లగ్గు లాగి పెడతారా?’ అన్నాను. ‘ఎప్పుడమ్మా?’ అన్నారు. ‘మీ ఇష్టం.’ ‘పాడైపోతే?’ ‘పాడవ్వాలనే.’ ఆయన నా వంక చూసి, ఈవిడకి ఏదో అయింది పాపం అనుకుని ఉంటారు, అయినా లాగారు. మూడోసారికే మా ప్రోగ్రాం బొక్కబోర్లా పడింది. (నవ్వులు) ఆ రోజు నుంచి ఆయన పదేళ్లు లాగారు. టీ తాగుతూ లాగారు, కునుకుపాట్లు పడుతూ లాగారు, ఇంట్లో గొడవపడి వచ్చిన రోజున పన్నెండూ ఒకేసారి లాగారు. టైమరు పెట్టొచ్చు కదా అని అడుగుతారు. అదీ పెట్టాం. మేస్త్రి గారి చిరాకుకు ఉన్నన్ని రకాలు ఏ టైమరుకూ రాలేదు.

ఆయన ఒళ్లో పొడుగ్గా కనిపిస్తోందే, అది ఆ గది రిజిస్టరు. ఏ యంత్రం, ఎన్ని గంటలకు లాగింది, లేచిందా లేదా, ఈ మూడు గళ్లు నేను గీసిచ్చాను. నాలుగో గడి ఆయన సొంతంగా గీసుకుని దానికి ‘విశేషం’ అని పేరు పెట్టారు. అందులో ‘మొరాయించింది’, ‘లేచి మళ్లీ పడుకుంది’, ‘మూలుగుతూ లేచింది’ అని రాసేవారు. మేం చదివి నవ్వుకునేవాళ్లం. కొన్నాళ్లకు చదవడం కూడా మానేశాం. అలా పదకొండు వేలకు పైగా లాగుళ్లు, పదకొండు వేల విశేషాలు ఆ పుస్తకంలో ఉన్నాయి.

ఈ విధంగా, మిత్రులారా, మనమంతా ఒకే కుటుంబంలా, ఒకరి మీద ఒకరికి పూర్తి నమ్మకంతో, ఎలాంటి పొరపొచ్చాలకూ తావు లేకుండా సాధించిన ఈ విజయం...

(తెర ఆరిపోయింది. సభలో కలకలం.)

మేస్త్రి గారూ, సరిగ్గా అబద్ధం దగ్గర లాగారు. (నవ్వులు)

ప్లగ్గు మళ్లీ పెట్టండి. అది లేవడానికి నలభై సెకన్లు పడుతుంది. ఎక్కడ ఆపానో అక్కడే, ఆ మాట దగ్గరే లేస్తుంది, నాకు ఆ ధీమా ఉంది. కానీ తెర మీద ఏమీ లేని ఈ కాస్త వ్యవధిలో, అందులో నేను రాయని మాట ఒకటి చెబుతాను. నిన్న కూర్చుని రాద్దామని మూడుసార్లు మొదలుపెట్టాను, చెయ్యి రాలేదు.

వెనక నుంచి మూడో వరసలో, తలుపు పక్కన, ఎప్పుడైనా లేచి వెళ్లిపోవడానికి వీలుగా కూర్చున్న మనిషి ఉంది. మీ అందరికీ తెలుసు, మా వాళ్లకోసం చెబుతున్నాను. ఆమెకు ‘అనుమానం’ అని పేరు పెట్టింది నేనే. తొమ్మిదేళ్ల కిందట వచ్చింది. రెండు రెళ్లు నాలుగు అని నేను బోర్డు మీద రాసినా, ‘ఎప్పుడూనా మేడమ్?’ అని అడిగే రకం. నాకు ఒళ్లు మండేది, ముచ్చటా వేసేది.

(తెర వెలిగింది. చప్పట్లు.)

లేచింది. చూడండి, ‘ఈ విజయం’ దగ్గరే నిలబడి ఉంది. చాలా సంతోషం. దాన్ని అక్కడే ఉండనివ్వండి, నేను ఇటు మొదలుపెట్టాను కాబట్టి ఇది పూర్తి చేస్తాను. డైరెక్టరు గారు గడియారం చూస్తున్నారు. ఇన్నేళ్లలో మిమ్మల్ని నేనేమీ అడగలేదండీ, ఒక్క పది నిమిషాలు ఇప్పించండి.

ఐదేళ్ల కిందట మన సాఫ్ట్‌వేరు మొట్టమొదటిసారి గడప దాటి బయటికి వెళ్లింది. ఒక ఆస్పత్రి రక్తనిధిలో పెట్టారు. ఏ గ్రూపు రక్తం ఎన్ని సంచులుంది, ఏ అరలో ఉంది, అన్నీ ఆ మెమరీలోనే. మూడో నెలలో, ఒక మధ్యాహ్నం, కాన్పయిన ఒక తల్లికి అరుదైన గ్రూపు రక్తం కావాల్సి వచ్చింది. యంత్రం రెండో అరలో రెండు సంచులున్నాయి అంది. నర్సు అర తెరిస్తే ఖాళీ. ఆ రెండు సంచులూ కిందటి నెలే, కరెంటు పోయి వచ్చిన ఒక రోజున, వాడేశారు. వాళ్లు మాకు ఫోను చేశారు. ఎత్తింది నేను. నేను ఏమన్నానో తెలుసా? ‘ఒకసారి ఆపి మళ్లీ వేయండి’ అన్నాను. ఈ మెమరీకి ఆ మందు పనిచేయదని ఏడేళ్లుగా ఊరంతా చాటిన దాన్ని, కంగారులో నా నోటికి వచ్చింది అదే. వాళ్లు ఆపి వేశారు. అది లేచి, ఏ బెరుకూ లేకుండా, రెండు సంచులున్నాయి అంది.

నలభై నిమిషాల్లో ఇంకోచోటి నుంచి రక్తం తెచ్చారు. ఆ తల్లి బతికింది. బిడ్డ ఈ ఏడు బడిలో చేరిందట, నర్సు మొన్న ఫోనులో చెప్పింది. కానీ ఆ నలభై నిమిషాలూ నేను ఫోను చెవి దగ్గరే పెట్టుకుని నిలబడే ఉన్నాను. కూర్చోవచ్చని తట్టలేదు.

మర్నాడు పొద్దున మీటింగు పెట్టాను. పదకొండుమందిమి. రక్తం వెతికి చూపించే భాగం అనుమానం రాసింది. రక్తం వివరాలు మెమరీలో రాసే భాగం నేను రాశాను. అందరి ముందూ ఆమెను నిలబెట్టి, ‘నీ చేతులకు తొందరెక్కువ, ప్రాణాలతో పనిపడే చోట నీలాంటివాళ్లు పనికిరారు’ అన్నాను. నా నోరు మీకు తెలుసు, అంతటితో ఆగలేదు. ఆమె అంతా విని, ఒక్క మాట అంది. ‘రాసే భాగం కూడా ఒకసారి చూద్దామా మేడమ్?’ అని. ‘అది నేను రాసింది’ అన్నాను. ఆమెను ప్రోగ్రాములు రాసే పని నుంచి తీసేసి, వాడకం పుస్తకాలు రాయమని పక్కన కూర్చోబెట్టాను. నాలుగు నెలలు.



ఆ పుస్తకాల్లో ప్లగ్గు గది గురించి ఒక అధ్యాయం రాయాలి. దానికోసం ఆమె వెళ్లి ఆ రిజిస్టరు ముందేసుకుని కూర్చుంది. ఎవరూ చదవని నాలుగో గడి మొదటి నుంచి చివరిదాకా చదివింది. అందులో ఏడుచోట్ల ఒకే మాట కనిపించింది. ‘తొందరగా లేచింది.’ ఇదేమిటి బాబాయ్ అని మేస్త్రి గారిని అడిగిందట. ఆయన చెప్పిన మాట నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. ‘అన్నీ లేచి, కళ్లు నులుముకుని, ఇల్లంతా ఒకసారి చూసుకుని అప్పుడు పలుకుతాయమ్మా. ఇవి మాత్రం లేస్తూనే అంతా బాగుంది అనేశాయి. నాకెందుకో నచ్చలా. రాసి పెట్టా.’

అప్పటిదాకా లాగిన వేలకు వేల లాగుళ్లలో ఏడు. లెక్కలో అవన్నీ ‘లేచింది’ కిందే జమ పడ్డాయి. డబ్బాల్లో పాత ఉప్పు ఉంది, పైన పంచదార అని చీటీ ఉంది, డబ్బా నిండుగానే ఉంది కాబట్టి మా పరీక్షకు తప్పు కనబడలేదు. చీటీ అప్పటికే అంటించి ఉంది కాబట్టి యంత్రం కూడా మూత తీసి చూసే శ్రమ పడలేదు, అందుకే తొందరగా లేచింది. అనుమానం ఆ రిజిస్టరు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. దెప్పలేదు, నిష్ఠూరమాడలేదు. ‘ఏడుసార్లు మేడమ్’ అంది. అంతే.

నేను నా ప్రోగ్రాం తెరిచాను. ‘ఆగు’ ఉంది. కానీ పోయడానికీ అంటించడానికీ మధ్యన లేదు. రెండూ అయ్యాక, చివర ఉంది. ఎప్పుడు జరిపానో కూడా గుర్తొచ్చింది. ఆస్పత్రికి పంపకముందు, బయటి నుంచి పెద్దలు చూడటానికి వస్తున్నారని, వాళ్ల ముందు ఇంకాస్త చురుగ్గా కనిపించాలని, వాళ్లు రావడానికి ముందువారం నా చేతులతో నేనే కిందికి జరిపాను. నలభైమందికి పాఠం చెప్పిన చేతులు. తొందర ఎవరిదో అప్పుడు తెలిసింది.

తల కొట్టేసినట్టయింది. మరి నేనేం చేశాను? ఆ పూటే సరిచేశాను. మార్పుల చిట్టాలో, ‘రెండు ఆదేశాల వరస సరిచేయడమైనది’ అని రాశాను. ఎవరి తప్పు, ఎవరు పట్టుకున్నారు, ఒక్క ముక్క లేదు. మర్నాడు ఆమెను మళ్లీ పాత పనిలోకి తీసుకున్నాను, కిటికీ పక్కనున్న మంచి కుర్చీ ఇప్పించాను. అర్థం చేసుకుంటుందిలే అనుకున్నాను. క్షమించమని అడగాల్సిన చోట కుర్చీ ఇచ్చాను. ఐదేళ్లుగా రోజూ ఆమె ‘గుడ్ మార్నింగ్ మేడమ్’ అంటుంది, నేను ‘గుడ్ మార్నింగ్’ అంటాను. పైన ‘సరిచేయడమైనది’ అని చీటీ, లోపల పాత ఉప్పు అలాగే ఉంది.

ఇప్పుడు ఇదంతా ఎందుకు తవ్వుతున్నానంటే, నా మనసు తేలికపడటానికే అయితే ఆమె చెవిలో చెప్పి వెళ్లిపోయేదాన్ని. సంగతి అది కాదు. ఇవాళ ఇరవైమూడు ఆస్పత్రుల్లో మన సాఫ్ట్‌వేరు నడుస్తోంది, ఐదేళ్లలో ఒక్క సంచి తేడా రాలేదు. దానికి నాకు శాలువా కప్పారు. ఆ శాలువాలో ముప్పాతిక భాగం ఆమెది. వచ్చే ఏడు మూడు కొత్త రకాల మెమరీలు వస్తున్నాయి. ఒకటి వేడితో గుర్తుపెట్టుకుంటుందట, ఒకటి అయస్కాంతంతో, ఇంకోటి ఎలాగో నాకే పూర్తిగా అర్థం కాలేదు. ఒక్కోదానికి ఒక్కో తిక్క ఉంటుంది. ఇంకా ఎక్కడెక్కడ ‘ఆగు’ పెట్టాలో ఎవరికీ తెలియదు. నేనే ముప్పైఏళ్ల దాన్నయితే ఎగిరి గంతేసి ఉండేదాన్ని. అంత పని ఉంది, అంత సరదా ఉంది.

కానీ ప్లగ్గు గదికి నా తర్వాత పెద్ద లేరు. డైరెక్టరు గారు అనుమానాన్ని మూడుసార్లు పిలిచి అడిగారు. మూడుసార్లూ, ‘నాకొద్దండీ, నా చేతులకు తొందరెక్కువ’ అందట. నా మాట, నా మాటే, పొల్లుపోకుండా. ఎవరూ తీసుకోకపోతే ఒకటో తారీకు నుంచి ఆ గది మీటింగు గది అవుతుంది. మొన్న ఒకాయన టేపు పట్టుకొచ్చి కార్పెట్టుకు కొలతలు కూడా తీసుకువెళ్లాడు. డైరెక్టరు గారిని తప్పుపట్టను, పెద్దదిక్కు లేని గదిని ఆయనెంతకాలం ఉంచుతారు?

అనుమానం, ఒకసారి ఆ ప్లగ్గు దగ్గరికి రా తల్లీ. మేస్త్రి గారు చోటిస్తారు.

(ఆమె లేచి గోడ దగ్గరికి వచ్చింది.)

నేను ఇక్కడ మూడు వాక్యాలు టైపు చేస్తాను. పెద్ద తెర మీద అందరికీ కనిపిస్తుంది. నువ్వు ఎప్పుడు లాగాలో నేను చెప్పను, నువ్వూ నన్ను అడక్కు. మొదటిది. ‘ఐదేళ్ల కిందట వరస తప్పించింది నేను.’ రెండోది. ‘పట్టుకున్నది అనుమానం, నేను ఆమెను అన్న మాటలకు పదిమందిలో క్షమించమని అడుగుతున్నాను.’ ఇక మూడోది, ‘ఇకమీదట ప్లగ్గు గది ఆమె...

(తెర ఆరిపోయింది. నవ్వులు, చప్పట్లు.)

చూశారా, పూర్తి చెయ్యనివ్వలేదు. అలాగే లాగాలి. మేస్త్రి గారు ముసిముసిగా నవ్వుతున్నారు, శిష్యురాలు ఆయనకే గానీ నాకు కాదు. పెట్టమ్మా ప్లగ్గు.

ఆగుదాం. ఇరవై సెకన్లయింది. ఇంకా లేవలేదు. తొందరగా లేవడం లేదు, మంచిదే. ఇల్లంతా చూసుకుంటోంది.

(తెర వెలిగింది.)

మొదటి వాక్యం ఉంది. రెండో వాక్యం ఉంది. మూడోది లేదు. సగం ముక్క కూడా లేదు. అత్తయ్యా, ఇదే నేను చేసే ఉద్యోగం. పూర్తయిన మాట పోకూడదు, పూర్తికాని మాట సగం మిగలకూడదు. ఇంతకూ అది పోవడమే న్యాయం. ఆ వాక్యం నేను రాయాల్సింది కాదు. అనుమానం, ఒకసారి నీ మీద నా మాట రుద్దాను, మళ్లీ ఇంకోటి రుద్దబోయాను. వద్దనుకుంటే వద్దనే చెప్పు, నీ గుడ్ మార్నింగుకు ఏ లోటూ రాదు.

(ఆమె వేదిక ఎక్కింది. మెల్లగా ఏదో అంది.)

మొదటి రెండు వాక్యాలు తీసెయ్యనా మేడమ్ అని అడుగుతోంది. వద్దమ్మా, ఉండనీ. మర్చిపోని మెమరీ చేసుకున్నది అందుకే.

(ఆమె టైపు చేసింది. సభ చదివింది: ‘గది నేను తీసుకుంటాను. కార్పెట్టు వద్దు.’ చాలాసేపు చప్పట్లు.)

డైరెక్టరు గారూ, మీరే అందరికన్నా గట్టిగా కొడుతున్నారు. కార్పెట్టు ఆయనకు ఫోను చెయ్యండి. (నవ్వులు)

ఇక ముగిస్తాను. డైరెక్టరు గారికి, ఈ సభ ఏర్పాటు చేసిన మిత్రులకు, పదేళ్లు లాగిన మేస్త్రి గారికి, ఆస్పత్రిలో అర తెరిచి చూసిన ఆ నర్సుకు, ఉప్పు డబ్బా ఇచ్చిన మా అత్తగారికి, నేను ఇంటికి మోసుకొచ్చిన చిరాకులన్నీ ఓర్చుకున్న మా ఆయనకు నా కృతజ్ఞతలు. మైకు స్టాండులోంచి తీసి ఇలా ఇవ్వండి, గోడ దగ్గరికి వెళ్లాలి.

మేస్త్రి గారు వచ్చాక నేను ప్లగ్గు ముట్టుకోలేదు. ఆయన లాగిన ప్రతిసారీ తెర ముందు నిలబడి, ఊపిరి బిగబట్టుకుని, లేచిందా, లేచిందా అని చూడటమే నా పని. పదకొండు వేలసార్లు చూశాను. ఇవాళ ఒక్కసారి నేను లాగుతాను. అనుమానం ఇప్పుడు రాసిన వాక్యం అందులో ఉంది.

(తెర ఆరిపోయింది.)

ప్లగ్గు మళ్లీ పెట్టేశాను. నలభై సెకన్లు పడుతుంది. ఇక్కణ్ణుంచి ఆ తలుపు దాకా నడవడానికి నాకు ముప్పై చాలు. ఏమండీ, అత్తయ్యను లేవదీయండి, వెళ్దాం. అది లేచిందో లేదో చూడటానికి ఇప్పుడు మనిషి ఉంది. సెలవు.